నాన్నకి సీఆర్‌పీ రెండు రోజుల్లో 6.4 నుంచి 58 అయింది. వైజాగ్ తీసుకెళ్లిపోవాలా?

పొందూరు నూలు | మంగళవారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమ్మా నాన్నా పొందూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. నాన్నకి 67 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు, షుగరు లేదు. గురువారం సాయంత్రం జ్వరం పట్టుకుంది. ఒళ్లునొప్పులు, పొడి దగ్గు. శనివారం శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాం, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) 6.4 వచ్చింది. పదిలోపు ఉంటే నార్మల్ అన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. జ్వరం తగ్గకపోయేసరికి సోమవారం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఇంకో ల్యాబ్ వాళ్లని పిలిచాం. ఫ్లూ-ఏ పాజిటివ్, కోవిడ్ నెగెటివ్. ఆ సాయంత్రమే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదలెట్టారు.

ఇవాళ మిగతా రిపోర్టు వచ్చింది. సీఆర్‌పీ 58. ఎల్‌డీహెచ్ 612. ఫెరిటిన్ 540. డీ-డైమర్ 820. ఐఎల్-6 31. తెల్లకణాలు 9,800, అందులో న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 9 శాతం. ఎస్‌జీఓటీ 88, పొటాషియం 6.0. ఇవన్నీ ఒంట్లో వాపు, కణాల దెబ్బ, రక్తం గడ్డకట్టడం లాంటివి చూసే పరీక్షలట. సగం వరసలు ఎర్ర అక్షరాల్లోనే ఉన్నాయి.

రెండు రోజుల్లో సీఆర్‌పీ తొమ్మిది రెట్లయితే ఏమనుకోవాలి? మా బావ కారు మాట్లాడేశాడు, తెల్లారి వైజాగ్ అంటున్నాడు. నాన్నేమో 'నాకేటీ లేదు, రెండు ఇడ్లీలు తిన్నాను' అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గంటస్తంభం గడియారం | రాత్రి 9:31

ఫ్లూ జ్వరానికి ఐఎల్-6 కూడానా! ఆ ప్యాకేజీకి ఎంత తీసుకున్నారు? 2020లో నేర్చిన పాట ఇంకా వదల్లేదు ఈ ల్యాబులు. మా విజయనగరంలో అయితే జలుబుకి వెళ్లినా ఈ చిట్టా అంతా చేతిలో పెడుతున్నారు. ఎర్ర అక్షరాలు చూసి భయపడి జనం కార్లు కట్టించుకుంటున్నారు. కంగారు పడకండి.

పొందూరు నూలు | రాత్రి 9:36

2,800 అండీ. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం.

సూదిమందు బావు | రాత్రి 9:52

నాను విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్ని, 14 ఏళ్లనుంచి ఇదే పని. తమ్ముడూ, ముందు ఒక పని సెయ్యి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి సీఆర్‌పీ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏటి రాసుందో సూడు. మిల్లీగ్రాములు పర్ లీటరా, మిల్లీగ్రాములు పర్ డెసిలీటరా? లీటరుకి పది డెసిలీటర్లు. ఒక మిషను అలాగిస్తాది, ఇంకో మిషను ఇలాగిస్తాది. ల్యాబ్ మారితే అంకె మారిపోవడం నాను వారానికి రెండుసార్లు సూస్తాను.

డీ-డైమర్ దగ్గర కూడా సూడు, ఎఫ్‌ఈయూ అనో డీడీయూ అనో ఉంటాది, రెండూ వేరువేరు కొలతలు. డీడీయూ అయితే ఇంచుమించు రెట్టింపు సేసుకుంటేగానీ ఎఫ్‌ఈయూతో పోల్చలేం.

ఇంకో మాట. ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ, పొటాషియం మూడూ ఒకేసారి ఎగిరినాయంటే నాకు అనుమానం. ఈ మూడూ ఎర్రకణాల లోపల దండిగా ఉంటాయి. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబుని బండి డిక్కీలో పడేసి గతుకుల రోడ్డు మీద గంటన్నర తిప్పినా కణాలు పగిలి లోపలున్నదంతా సీరంలోకి దిగిపోద్ది. రిపోర్టు అడుగున 'శాంపిల్ హిమోలైజ్డ్' అని ఎక్కడైనా ఉన్నాదా?

పొందూరు నూలు | రాత్రి 10:08

అన్నా, దండం. శనివారం రిపోర్టులో 6.4 పక్కన ఎంజీ/డీఎల్ అనే ఉంది! సోమవారానిది ఎంజీ/ఎల్. అంటే శనివారమే 64 అన్నమాట. 64 నుంచి 58కి తగ్గింది! డీ-డైమర్ ఎఫ్‌ఈయూలోనే ఉంది. రెండో పేజీ అడుగున 'స్లైట్ హిమోలిసిస్' అని ఉంది, ఎవరూ చూసుకోలేదు. బావకి ఫోన్ చేసి కారు ఆపించేశా.

గంటస్తంభం గడియారం | రాత్రి 10:11

చెప్పానా! హాయిగా పడుకోండి.

ఎచ్చెర్ల బయోటెక్ | రాత్రి 10:15

డీ-డైమర్‌కి వయసుని పదితో గుణించాలని చదివాను. 67 × 10 = 670 దాకా నార్మల్. 820 అంటే కొంచెమే ఎక్కువ, పర్లేదు కదా?

రాత్రి డ్యూటీ | రాత్రి 10:40

కారు ఎందుకు ఆపించారండీ? కాస్త ఆగండి. నేను ఛాతీ విభాగంలో పీజీ చేస్తున్నాను. చూడకుండా వైద్యం చెప్పను గానీ రెండు ప్రశ్నలు అడుగుతాను.

ఒకటి, శనివారానికీ సోమవారానికీ మధ్య మీ నాన్నగారికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఏమైనా పడిందా? శనివారం న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ ఎంతెంత? ఈసారి 86, 9 కాబట్టి నిష్పత్తి తొమ్మిదిన్నర దాటింది. వైరస్ ముదిరితే లింఫోసైట్లు పడిపోతాయి, నిజమే. కానీ డెక్సామెథసోన్ ఒక్క డోసు పడినా న్యూట్రోఫిల్స్ లేస్తాయి, లింఫోసైట్స్ పడతాయి, జ్వరం చల్లారుతుంది, సీఆర్‌పీ కూడా దిగొచ్చు. అప్పుడు 64 నుంచి 58 అనేది నిజమైన తగ్గుదల అవునో కాదో చెప్పలేం. పైగా రెండు వేర్వేరు మిషన్లు. నా లెక్కలో ఆ రెండు అంకెలూ ఒకటే.

రెండు, పొటాషియం 6.0ని 'కణాలు పగిలాయిలే' అని వదిలేయకండి. టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచుతుంది. రేపు మళ్లీ తీయించాలి, వీలైతే ఈసీజీతో పాటు.

ఎచ్చెర్ల తమ్ముడికి: వయసు × 10 అనేది కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ లేదని తేల్చడానికి వాడే హద్దు. అదీ అనుమానం బలంగా లేనప్పుడే. ఫ్లూ ఎంత ముదిరిందో కొలిచే గీత కాదు.

పొందూరు నూలు | రాత్రి 10:58

అమ్మని అడిగాను సార్. ఆదివారం మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి రెండు ఇంజక్షన్లు వేశాడట. ఒకటి జ్వరానికి. ఇంకోదాని సీసా అమ్మ కిటికీ గూట్లో పెట్టింది, ఫొటో పంపింది. డెక్సా. శనివారం న్యూట్రోఫిల్స్ 70, లింఫోసైట్స్ 22. 'అందుకే సోమవారం ఒళ్లు తేలిగ్గా ఉంది' అంటున్నారు నాన్న.

క్లినిక్ అక్క | రాత్రి 11:03

విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తాను. ఇంతసేపూ అంకెలు మాట్లాడుతున్నారు గానీ ఆయన నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఒక్కరూ అడగలేదు. అమ్మగారికి ఫోన్ చెయ్యండి. ఆయనకి చెప్పకుండా పక్కన కూర్చుని పొట్ట లేవడం చూసి లెక్కపెట్టమనండి. పూర్తిగా 60 సెకన్లు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం వద్దు. ఆక్సిమీటర్ ఉందా? వేలు వెచ్చగా ఉండాలి, గోరింటాకు పెట్టిన వేలయితే వేరేది పెట్టమనండి. కూర్చున్నప్పుడు ఒకసారి, పెరట్లోకి నడిచి వచ్చాక ఒకసారి.

పొందూరు నూలు | రాత్రి 11:21

అక్కా, ఊపిరి 28. అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. కోవిడ్ అప్పటి ఆక్సిమీటర్ దొరికింది, పక్కింటివాళ్ల టీవీ రిమోట్లోంచి బ్యాటరీలు తీసి వేశారు. కూర్చుంటే 92. నూతి గట్టు దాకా వెళ్లి వస్తే 88.

రాత్రి డ్యూటీ | రాత్రి 11:23

ఇప్పుడే బయల్దేరదీయండి. తెల్లారేదాకా ఆగొద్దు. వైజాగ్ అవసరం లేదు, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఏ ఆస్పత్రి అయినా సరే. కారు కన్నా 108 మేలు, దార్లోనే ఆక్సిజన్ పెడతారు. డెక్సా పడిందనీ, ఎప్పుడు పడిందనీ అక్కడ తప్పకుండా చెప్పాలి. ఆ సీసా చేతిలో పట్టుకెళ్లమనండి.

గంటస్తంభం గడియారం | రాత్రి 11:40

నా రెండో మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిది తీసుకోను.

పొందూరు నూలు | బుధవారం ఉదయం 6:50

రాత్రి ఒంటిగంటకి శ్రీకాకుళంలో చేర్చాం. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా ఉందట. ఆక్సిజన్ 4 లీటర్లు, సాచురేషన్ 95. మళ్లీ రక్తం తీశారు. పొటాషియం 4.4, ఎల్‌డీహెచ్ 318. సూదిమందు అన్న చెప్పిందే నిజం. నేను బస్సులో ఉన్నాను.

సూదిమందు బావు | ఉదయం 7:30

దేవుడి దయ బావూ. ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రోళ్లని అనడానికి లేదు. రోజుకి ముప్పై ఇళ్లు తిరగమంటారు, అయిసు పెట్టె ఉండదు. డీ-డైమర్‌కి నీలం మూత ట్యూబు గీత దాకా నింపాలి, లోపలి మందు ఒక పాలుకి రక్తం తొమ్మిది పాళ్లు. ముసలోళ్ల నరం దొరక్క సగమే నింపి పంపితే ఆ అంకె నమ్మడానికి లేదు. నాను తిప్పి పంపేస్తాను, మా ఓనరు నామీద ఎగురుతాడు.

ఉద్దానం గాలి | ఉదయం 9:12

నిన్న రాత్రే చదివాను, మధ్యలో దూరడమెందుకని ఊరుకున్నాను. మాది కవిటి వైపు. అమ్మకి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు డయాలసిస్. క్రితం చలికాలం దగ్గు, జ్వరం వచ్చి ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే రిపోర్టు చూసి డ్యూటీలో ఉన్నాయన ముఖం మాడిపోయింది. ఫెరిటిన్ 900 పైన, డీ-డైమర్ 1,400, బాక్టీరియా ఉంటే పెరిగే ప్రోకాల్సిటోనిన్ 0.7, యూరియా సంగతి చెప్పక్కర్లేదు. వెంటనే ఐసీయూ అన్నారు. అమ్మేమో మంచం మీద కూర్చుని నాతో గొడవ పడుతోంది, సాచురేషన్ 98.

డయాలసిస్ సెంటర్ టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే ఆయన పాత రిపోర్టులు పంపాడు. ఏ జబ్బూ లేని నెలలో కూడా ఫెరిటిన్ 800, ఐరన్ ఇంజక్షన్లు ఎక్కిస్తారు కదా. డీ-డైమర్ ఎప్పుడూ వెయ్యి పైనే. మా ఉద్దానంలో ఇలాంటి మనుషులు ఇంటికొకరు. వాళ్ల మామూలు అంకె ఏదో తెలియకుండా పుస్తకంలో గీతతో పోలిస్తే అందరూ చచ్చేవాళ్లే అన్నట్టు కనిపిస్తారు.

ఆ రాత్రి ఐసీయూకి 22 వేలు కట్టాం. మూడో రోజుకి జలుబు తగ్గిపోయింది.

రాత్రి డ్యూటీ | ఉదయం 10:05

మేడమ్ చెప్పింది చాలా ముఖ్యం. కిడ్నీ పనిచేయనప్పుడు ప్రోకాల్సిటోనిన్, గుండె దెబ్బ తెలిపే ట్రోపోనిన్, డీ-డైమర్ అన్నీ మామూలుగానే కొంచెం ఎత్తులో ఉంటాయి. మేం వాడే స్కోర్లలో కూడా ఈ చిక్కుంది. న్యుమోనియా ఎంత ముదిరిందో చూసే కర్బ్-65లో యూరియాకి ఒక మార్కు. కోవిడ్‌కి బ్రిటన్‌లో తయారైన 4సీ స్కోరులో ఎనిమిది అంశాలు, మొత్తం 21 మార్కులు: వయసు, లింగం, ఇతర జబ్బుల సంఖ్య, ఊపిరి వేగం, ఆక్సిజన్, స్పృహ, యూరియా, సీఆర్‌పీ. డయాలసిస్ మనిషికి యూరియా మార్కులు పుణ్యానికి వచ్చి పడతాయి.

ఆ ఎనిమిదిలో రక్తంలోంచి తీసుకున్నవి రెండే. ఫెరిటిన్ లేదు, ఐఎల్-6 లేదు, డీ-డైమర్ లేదు. అవి జబ్బు తీవ్రతతో పాటు పెరగవని కాదు. మంచం పక్కన నిలబడి చూడగలిగే వాటికి మించి అవి కొత్తగా చెప్పేది తక్కువ.

సీతంపేట సంత | ఉదయం 10:48

ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. మా వైపు పిల్లల్లో సికిల్‌సెల్ ఉంది. వాళ్లకి ఎర్రకణాలు రోజూ ఒంట్లోనే పగులుతుంటాయి, ఎల్‌డీహెచ్ ఎప్పుడూ ఎక్కువే. ఉద్దానం మేడమ్ చెప్పినట్టే, ఒక్కో ఊరికి ఒక్కో 'నార్మల్'. అయితే సికిల్‌సెల్ పిల్లకి దగ్గు, జ్వరం, ఛాతీ నొప్పి ఉంటే అంకె ఎంతున్నా ఆస్పత్రికి పరుగే.

ఎచ్చెర్ల బయోటెక్ | ఉదయం 11:20

సార్, నిన్న తప్పు చెప్పాను, క్షమించండి. కానీ ఒకటి అర్థం కాలేదు. వుహాన్ పేపర్లో, 2020 మార్చిలో లాన్సెట్‌లో వచ్చింది, చేరేటప్పటికే డీ-డైమర్ 1 మైక్రోగ్రాము (మన రిపోర్టుల లెక్కలో 1,000) దాటినవాళ్లకి చావు ముప్పు 18 రెట్లు అని ఉంది కదా. అంత బలమైన సూచనని ఎలా కాదంటాం?

రాత్రి డ్యూటీ | మధ్యాహ్నం 2:15

మంచి ప్రశ్న. ఆ పేపర్ నేనూ రాత్రిళ్లు చదివినవాణ్నే. 191 మంది రోగులు, 54 మంది చనిపోయారు. ఆ 18.42 పక్కనే బ్రాకెట్లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి, 2.64 నుంచి 128.55 దాకా. అంటే అసలు విలువ రెండున్నర కావచ్చు, వంద దాటినా కావచ్చు. దిశ తెలుస్తోంది, దూరం తెలియడం లేదు. ఇంకా ముఖ్యమైంది, వాళ్లంతా ఆస్పత్రిలో చేరినవాళ్లు. సంతకొచ్చిన ఎడ్లని చూసి ఊళ్లో ఎడ్లన్నిటి ధర కట్టినట్టు, అక్కడి హద్దుని ఇంట్లో కూర్చుని ఇడ్లీ తింటున్న మనిషికి అంటగడితే కుదరదు.

సీఆర్‌పీ నిజానికి చాలా నిజాయితీ గల అంకె. 1930లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. ఐఎల్-6 కబురు పంపితే కాలేయం దాన్ని తయారుచేస్తుంది. ఆరేడు గంటల్లో లేవడం మొదలై దాదాపు రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది. రక్తంలో దాని సగం ఆయువు 19 గంటలు, ఏ జబ్బులోనైనా ఇంచుమించు అంతే. కాబట్టి మంట ఆరిపోతే మర్నాటికి సగం దాకా పడాలి. పడలేదంటే లోపల ఇంకా ఏదో రగులుతోంది. అందుకే ఒక్క అంకె కంటే రెండు అంకెలు మేలు, అవి ఒకే ల్యాబ్‌వి అయితే ఇంకా మేలు. కాలేయం పాడైనవాళ్లలో అది లేవాల్సినంత లేవదు, అదీ గుర్తుంచుకోవాలి.

నాగావళి రేవు | మధ్యాహ్నం 3:02

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. 2021 మే. మా అన్నయ్యకి జ్వరం వచ్చిన రెండో రోజే అన్ని పరీక్షలూ చేయించాం. సీఆర్‌పీ 4, డీ-డైమర్ నార్మల్, స్కాన్‌లో కూడా ఏమీ లేదు. 'మైల్డ్ అండీ' అన్నారు. ఆ కాగితం పట్టుకుని మేమంతా ధైర్యంగా ఉన్నాం. ఎనిమిదో రోజు మెట్లెక్కుతూ కూర్చుండిపోయాడు. సాచురేషన్ 79. అయినా మాతో మాట్లాడుతూనే ఉన్నాడు, నవ్వాడు కూడా. బెడ్డు కోసం రణస్థలం దాటి, ఆనందపురం దాటి... ఇక రాయలేను.

రెండో రోజు పరీక్ష నార్మల్ వస్తే అది రెండో రోజుకే నార్మల్ అని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

క్లినిక్ అక్క | మధ్యాహ్నం 3:10

🙏

రాత్రి డ్యూటీ | సాయంత్రం 4:30

మీకు ఏం చెప్పాలో తెలియడం లేదండీ. ఆ నెలలో మేమూ అక్కడే ఉన్నాం.

కోవిడ్‌లో విషమించడం ఎక్కువగా ఏడు నుంచి పది రోజుల మధ్య జరిగేది. రక్తంలో సూచికలు అంతకు కొంచెం ముందుగా కదిలేవి, రెండో రోజున కాదు. ఫ్లూ అంతకన్నా తొందరగా ముదురుతుంది. రోజులు లెక్కపెట్టాల్సింది పరీక్ష చేయించిన రోజు నుంచి కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణదీప్ గులేరియా ఆ నెలలోనే గట్టిగా చెప్పారు, లక్షణాలు స్వల్పంగా ఉండి ఆక్సిజన్ బాగుంటే ఈ పరీక్షల వెంట పడొద్దని. అప్పటికే ఆలస్యమైంది. జనం సీఆర్‌పీ చూసి ఇంట్లోనే స్టెరాయిడ్ మింగడం మొదలెట్టేశారు.

2020 జూన్‌లో వచ్చిన బ్రిటన్ రికవరీ ట్రయల్ (కోవిడ్ మందుల మీద పెద్ద పరీక్ష) ఫలితాన్ని సగమే విన్నారు అందరూ. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో డెక్సా వల్ల చావులు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అక్కర్లేని వాళ్లలో మాత్రం డెక్సా ఇచ్చిన వైపు 17.8, ఇవ్వని వైపు 14.0. మేలు లేదు, కీడు ఉండొచ్చు. అక్కడ స్టెరాయిడ్ ఎవరికన్నది తేల్చింది సీఆర్‌పీ కాదు, ఆక్సిజన్ అవసరం. ఐఎల్-6ని అడ్డుకునే మందు టోసిలిజుమాబ్ దగ్గర సీఆర్‌పీ 75 అని ఒక గీత ఉంది నిజమే, కానీ అక్కడా ఆక్సిజన్ తగ్గినవాళ్లలోనే.

ఇక ఫ్లూలో కోవిడ్ లెక్క కూడా పనికిరాదు. ఫ్లూ న్యుమోనియాకి స్టెరాయిడ్ మేలు చేస్తుందని రుజువు లేదు, కీడు కనిపించిన పరిశీలనలే ఎక్కువ. పొందూరు గారి ఊళ్లో ఆ రెండో ఇంజక్షన్ ఎందుకు పడిందో నాకు తెలుసు. 2021లో నేర్చిన చెయ్యి.

గంటస్తంభం గడియారం | సాయంత్రం 5:05

మరి పరీక్షలు దండగేనా? నేనన్నది అదే కదా.

రాత్రి డ్యూటీ | సాయంత్రం 5:20

దండగ అనలేదు. చేరిన రోజు కొలిచి, మూడో రోజు కొలిచి, ఆ తేడాని మనిషితో కలిపి చదివితే నాకు చాలా పనికొస్తాయి. ఇంట్లో ఉన్నవాళ్లకి వాట్సాప్‌లో పంపితే దండగ. మామూలు రక్తకణాల పరీక్ష మాత్రం చౌక, పనికొచ్చేది. మన దగ్గర ఈ కాలంలో స్క్రబ్ టైఫస్, డెంగీ, మలేరియా అన్నీ ఇదే వేషంలో వస్తాయి, ప్లేట్లెట్లు చూస్తే కొంత దారి దొరుకుతుంది.

ఎచ్చెర్ల బయోటెక్ | సాయంత్రం 6:40

అసలు ముందే పసిగట్టే సూచిక ఏదీ లేదా సార్? వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ మీద ఆటోయాంటీబాడీస్ గురించి క్లాసులో చెప్పారు.

రాత్రి డ్యూటీ | రాత్రి 8:10

అది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన కోవిడ్ రోగులు 987 మందిలో 101 మందికి తమ సొంత టైప్-1 ఇంటర్‌ఫెరాన్‌నే కట్టిపడేసే యాంటీబాడీలు ఉన్నాయి. ఆ 101లో 95 మంది మగవాళ్లు. అంటే వాళ్ల ఇంటికి దొంగ రాకముందే కాపలా కుక్క నోరు కట్టేసి ఉంది. సీఆర్‌పీ, ఫెరిటిన్ అన్నీ ఇల్లు అంటుకున్నాక లేచే పొగ. ఇది అగ్గిపుల్ల గీయకముందే తెలిసే సంగతి. కానీ మన శ్రీకాకుళంలో ఏ ల్యాబ్‌లో చేయిస్తాం?

రక్తంలో కొలిచే సుపార్ అనే ఇంకోటి ఉంది, అది 6 నానోగ్రాములు దాటిన కోవిడ్ రోగులకి ముందుగానే వాపు తగ్గించే అనకిన్రా మందు ఇస్తే లాభం కనిపించింది. అదీ మన దాకా రాలేదు.

నిర్వాహకులు | రాత్రి 9:00

ఈ చర్చలో ఒక సభ్యుడు కషాయంతో డీ-డైమర్ తగ్గుతుందని ఫోన్ నంబరుతో సహా పెట్టిన పోస్టు తొలగించాం. చేరినవాళ్ల పేర్లు, రిపోర్టుల ఫొటోలు కూడా దయచేసి పెట్టకండి.

పొందూరు నూలు | శనివారం రాత్రి 7:45

ఆలస్యానికి మన్నించండి. గురువారం ఆక్సిజన్ 2 లీటర్లకి దించారు, సీఆర్‌పీ 41. శుక్రవారం నాన్న పేపర్ చదివారు. ఇవాళ పొద్దున మళ్లీ చలి, 102 జ్వరం, పచ్చ కఫం. సీఆర్‌పీ 148. తెల్లకణాలు 17,200. ప్రోకాల్సిటోనిన్ చేరిన రోజు 0.1, ఇవాళ 3.8. నాకు చేతులు ఆడటం లేదు.

రాత్రి డ్యూటీ | రాత్రి 8:02

సరిగ్గా ఇక్కడే ఈ అంకెలు తమ జీతం సంపాదించుకుంటాయి. ఒట్టి వైరస్ అయితే ప్రోకాల్సిటోనిన్ సాధారణంగా అంత లేవదు. ఫ్లూ కాస్త దిగాక బాక్టీరియా పైన పడటం ఫ్లూ పాత అలవాటు. దిగుతున్న సీఆర్‌పీ ఒక్కసారి వెనక్కి తిరిగింది, పచ్చ కఫం వచ్చింది. కఫం కల్చర్ పంపారా? యాంటీబయాటిక్ మార్చారా?

పొందూరు నూలు | రాత్రి 8:09

మధ్యాహ్నమే మార్చారు సార్. కఫం, రక్తం రెండూ కల్చర్‌కి పంపారు.

రాత్రి డ్యూటీ | రాత్రి 8:11

అయితే మీ డాక్టర్ మెలకువగానే ఉన్నారు. రెండు రోజులు చూద్దాం. ప్రోకాల్సిటోనిన్ రోజుకి సగం చొప్పున దిగితే మందు పట్టినట్టే.

ఉద్దానం గాలి | రాత్రి 8:30

మా అమ్మ మీ నాన్నగారి కోసం అరసవల్లి స్వామికి మొక్కుకుంది. ఆవిడ సాచురేషన్ 98 అని కూడా చెప్పమంది.

పొందూరు నూలు | మంగళవారం ఉదయం 8:20

జ్వరం లేదు. ప్రోకాల్సిటోనిన్ 1.7, తర్వాత 0.6. సీఆర్‌పీ 52, అదే ల్యాబ్, లీటరు లెక్కే, చూసుకున్నాను అన్నా! నిన్నటి నుంచి ఆక్సిజన్ తీసేశారు.

సూదిమందు బావు | ఉదయం 8:41

ఎర్ర స్కెచ్ కొనుక్కున్నాను. మా ల్యాబ్ నుంచి ఎల్లే ప్రతి సీఆర్‌పీ రిపోర్టు మీద ఎంజీ/ఎల్ అన్న ముక్క చుట్టూ సున్నా సుడుతున్నాను. ఓనరు 'ఎవడ్రా కాగితాలు ఖరాబు సేస్తున్నాడు' అని అరుస్తున్నాడు. అరవనీ.

పొందూరు నూలు | శుక్రవారం రాత్రి 9:30

ఇంటికొచ్చేశాం. డీ-డైమర్ ఇంకా 700 చిల్లర ఉంది, కాళ్ల స్కాన్ బాగానే ఉంది, దాన్ని మళ్లీ మళ్లీ కొలవక్కర్లేదన్నారు. ఆర్‌ఎంపీ వచ్చి పలకరించి వెళ్లాడు. ఏమీ అనలేకపోయాం, రాత్రిపూట తలుపు కొడితే వచ్చేది ఆయనొక్కడే. సీసా మాత్రం అమ్మ చూపించింది, ఆయన చాలాసేపు చూశాడు.

క్లినిక్ అక్క | రాత్రి 9:44

నూతి గట్టు దాకా నడిస్తే ఎంతుంది?

పొందూరు నూలు | రాత్రి 9:58

95. ఊపిరి 18. గోడ గడియారం కింద కూర్చుని అమ్మే లెక్కపెట్టింది, నాన్నకి తెలియకుండా.